లేబుల్ లేని సీసా

నా ఒంటిమీది కాగితాన్ని అక్క బస్టాండులోనే గోటితో గీకి పారేసింది. అంచున మిగిలిన జిగురుకు దుమ్ము అంటుకుంది. ఆ కాగితం మీద మూడు మందుల పేర్లుండేవి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మూడూ కలిపి ఒకటే మాత్ర. హెచ్‌ఐవీకి మందిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో నన్ను టీఎల్‌డీ అంటారు. నా కడుపులో ముప్పై మాత్రలు, రోజుకొకటి.

పుట్టింది హైదరాబాద్ శివారు ఫ్యాక్టరీలో. ఆ గర్వం నాకుంది, దాచను. ఈ మందును పేద దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇవ్వాలని 2017లో ఒప్పందం కుదిరితే, సరఫరాకు ముందుకొచ్చిన రెండు కంపెనీల్లో మన అరబిందో ఒకటి. ఇక్కడైతే రోగికి పైసా ఖర్చు లేదు. 2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్స మొదలైన ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2017 నుంచి రక్తంలో సీడీ4 కణాల లెక్కతో పనిలేకుండా పాజిటివ్ అని తేలినవాళ్లందరికీ ఇస్తున్నారు.

కౌంటర్ దాకా నా ప్రయాణం సాఫీగానే సాగింది. కౌంటర్ నుంచి అక్క చేతికి రావడమే కష్టమైంది.

కౌంటర్ ముందు హాల్లో ఆడవాళ్లకో లైను, మగవాళ్లకో లైను. అక్క ఆడవాళ్ల లైన్లో నిలబడితే ముందున్నావిడ కొంగు సర్దుకుని జరిగింది. పక్క లైన్లోంచి ఎవడో చప్పట్లు కొట్టి వెక్కిరించాడు. లోపల్నుంచి కార్డు మీదున్న పాత మగపేరు గట్టిగా పిలిచారు. రెండోసారి పిలిచేదాకా అక్క కదల్లేదు. ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లపై వివక్ష కూడదని 2017లో చట్టమే వచ్చింది. ఆ కిటికీ ఊచల దాకా రెండూ ఇంకా చేరినట్టు లేవు.

సీసాకెందుకీ పట్టింపు అంటారేమో. ఆ పిలుపుకు భయపడి ఒక నెల ఎగ్గొడితే మందు ఆగుతుంది, వైరస్ మళ్లీ లేస్తుంది. దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ నూటికి 0.2 మాత్రమే. మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లలో మూడుకు పైనే, హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో నాలుగుకు దగ్గర. మందు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే లైన్లోంచి తరిమితే ఇక నేనెందుకు?

నాకు ముందొచ్చిన సీసాల్ని అక్క కొన్నాళ్లు ముట్టుకోలేదట. హార్మోన్లు వాడుతోంది కదా, ఈ మాత్ర మింగితే అవి పనిచేయవని హిజ్రా గురువింట్లో ఎవరో చెప్పారు. అడుగుదామంటే డాక్టరమ్మ తలెత్తి చూస్తేగా! నారాయణగూడ మిత్ర్ క్లినిక్‌లో, తనలాంటివాళ్లే పనిచేసే చోట, ఆ అనుమానం తీరింది. డోలుటెగ్రావిర్‌కీ ఈస్ట్రోజెన్‌కీ పేచీ లేదు, కాల్షియం, ఐరన్ మాత్రలతో మాత్రం జాగ్రత్త. 2021లో తెరిచిన ఆ క్లినిక్ 2025 మొదట్లో అమెరికా సాయం ఆగడంతో మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ చేయూతతో సబ్‌రంగ్ పేరున మళ్లీ తెరుచుకుంది. వాషింగ్టన్‌లో సంతకం పెడితే నారాయణగూడలో షట్టర్ పడటమేమిటో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఇంట్లో నా చోటు టీవీ వెనక. కదిలిస్తే గలగలమంటానని అక్క నాలో దూది కుక్కింది. రాత్రి తొమ్మిదికి అలారం మోగగానే మూత తీస్తుంది. మొన్నటి పరీక్షలో వైరల్ లోడ్ కనబడలేదు. మందు మానకుండా అలాగే ఉంటే కలయిక వల్ల ఇంకొకరికి అంటదని కౌన్సెలర్ చెబితే మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది.

నిన్న మొబైల్ షాపులో పనిచేసే కుర్రాడొకడు వచ్చాడు. మగవాళ్లంటే ఇష్టపడేవాడు, అక్కవాళ్ల మాటలో ‘కోతి’. రోగం రాకుండా ముందే వేసుకునే మాత్ర ఉందట కదా అక్కా అన్నాడు. ఉంది, ప్రెప్ అంటారు. అదీ మా ఊళ్లో తయారయ్యేదే. కాకపోతే ఎక్కువమంది డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే, వాడి జీతానికి అది బరువు.

"అది తర్వాత చూద్దాం. ముందు టెస్టు చేయించుకో, రేపు నేనూ వస్తా" అంది అక్క.

"ఆ లైన్లో నన్నెవరైనా చూస్తే?"

"చూడనీ. నీతో మాట్లాడేవాడు ముందు నాతో మాట్లాడాలి."