యాపిల్ వారికి అర్జీ: పెద్ద డబ్బాని ఏం చేయదలిచారు?

హైదరాబాదు,
2025 మార్చి

మహారాజశ్రీ యాపిల్ కంపెనీ అధిపతులు టిమ్ కుక్ గారి దివ్య సముఖానికి,

కృష్ణానగర్ నుంచి ఒక సినిమా ఎడిటర్ నమస్కరించి రాసుకునే అర్జీ. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ తమరూ, తమరి వాటాదారులూ, ఐఫోన్లూ, ఆ ఐఫోన్ల కేసులూ, ఆ కేసులకి ప్రతి సీజనుకీ వచ్చే కొత్త రంగులూ అన్నీ క్షేమమని తలుస్తాను.

ఈ నెల 5న తమరు కొత్త మ్యాక్ స్టూడియో ప్రకటించారు. చూసి ఆనందించాం. ఎం3 అల్ట్రా చిప్పు వేశామన్నారు. మెమరీ 512 గిగాబైట్ల దాకా పెట్టుకోవచ్చన్నారు. ఆ చిప్పుతో ధర 3,999 డాలర్ల దగ్గర మొదలన్నారు. (తక్కువ రకం చిప్పు ఎం4 అట, ఎక్కువ రకం ఎం3 అట. మీ ఇంటి నామకరణాలు, మాకెందుకు!) ఆ తర్వాత అలవాటు కొద్దీ ధరల పట్టికలో ఇంకా కిందికి వెళ్లి మీ పెద్ద డబ్బా, అదే మ్యాక్ ప్రో, ఏమైందా అని చూశాం. భద్రంగా ఉంది. అదే ఎం2 అల్ట్రా. అదే 192 గిగాబైట్లు. అదే 6,999 డాలర్లు. 2023 జూన్‌లో ఎక్కడ దించారో అక్కడే, ఒక్క అంగుళం కదలకుండా ఉంది.

అంటే తమరు అమ్మే కంప్యూటర్లన్నిటిలోకీ ఖరీదైనది, దానికన్నా మూడు వేల డాలర్లు తక్కువకి తమరే అమ్మే బుల్లి డబ్బా కన్నా పాతది. మెమరీలో దానికి సగం కూడా లేదు. అయినా ధర ఒక్క డాలరు తగ్గలేదు.

మర్యాదగా రాయాలనే కూర్చున్నాను. ఈ మాట మర్యాదగా ఎలా అడగాలో మాత్రం తోచడం లేదు. ఏమయ్యా, అడిగేవాడు లేడనా? పండక్కి చిన్నోడికి కొత్త బట్టలు కుట్టించి, పెద్దోణ్ణి పాత చొక్కాతోనే నిలబెట్టి, వచ్చిన చుట్టాలకి మాత్రం మా వంశోద్ధారకుడు వీడేనంటూ వాణ్ణే చూపించినట్టుంది మీ వరస. ప్రో అని పేరు పెట్టింది మీరే. పట్టికలో అన్నిటికన్నా పైధర రాసింది మీరే. దాని మొహం చూడనిదీ మీరే.

పోనీ చిప్పు సంగతి వదిలేద్దాం. స్లాట్ల సంగతి చెప్పండి. 2023లో ఒకే రోజు, ఒకే ఎం2 అల్ట్రాని రెండు డబ్బాల్లో పెట్టి చూపించారు. స్టూడియోలో అయితే 3,999, ప్రోలో అయితే 6,999. ఆ మూడు వేలూ దేనికి స్వామీ అంటే స్లాట్లకి అన్నారు. మంచిది, మేం మొత్తుకుంటున్నదీ స్లాట్ల కోసమే. ఏడిచ్చారు. అందులో గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటామంటే మాత్రం కుదరదన్నారు. ఒకటి కాదు, రెండు కాదు, ఏడు స్లాట్లు, ఒక్కదానిలో కూడా గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు! మిక్సింగ్ థియేటర్ల వాళ్లు ప్రో టూల్స్ కార్డులు పెట్టుకుంటారు, స్టోరేజీ కార్డులు పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు, కాదనను. వాళ్లకి వేరే దారి లేదు గనక కొన్నారు, పాపం. కానీ డీఐ రూములో రంగులు దిద్దేవాడికీ, వీఎఫ్ఎక్స్ షాటు రెండర్ పెట్టి తెల్లారేదాకా కూర్చునేవాడికీ కావాల్సింది గ్రాఫిక్స్ కార్డే. ఇవాళ ఒకటి, డబ్బులొచ్చాక రెండోది, వచ్చే ఏడాది వాటిని తీసేసి ఇంకా మంచివి. పెద్ద డబ్బా కొనేదే అందుకు. మీ డబ్బా తలుపు తీస్తే ముందువైపు మూడు పెద్ద ఫ్యాన్లు, వాటి వెనక బోలెడంత ఖాళీ జాగా. మూడు వేల డాలర్లకి మాకు దొరికింది ఆ జాగాయే. కృష్ణానగర్లో అద్దెలు ఎక్కువే గానీ మరీ ఇంత కాదు.

ర్యామ్ సంగతి కూడా ఇక్కడే అడిగేస్తాను, మళ్లీ మళ్లీ విసిగించను. 2019 మ్యాక్ ప్రోలో ఒకటిన్నర టెరాబైట్ల దాకా వేసుకోవచ్చు, అదీ మన చేత్తో, మన తీరిక చూసుకుని. 2023 నాటి దానిలో అందులో ఎనిమిదో వంతు. కొన్నరోజు ఎంత రాయించుకుంటే జన్మంతా అంతే. ముందుకెళ్లడమంటే ఇదేనా?

మీకు చేతగాదని కాదు నా బాధ. చేతనైనప్పుడు చూశాం. 2006లో వచ్చి 2013 దాకా నడిచిన ఆ అల్యూమినియం టవర్ ఉందే, దాన్ని ముట్టుకున్నవాడు ఇంకో డబ్బాని మెచ్చుకోడు. వెనకనున్న లివర్ ఎత్తితే పక్క తలుపు మొత్తం ఊడి చేతిలోకి వచ్చేది. లోపల నాలుగు హార్డ్ డిస్కుల ట్రేలు, ఒక్కదానికీ కేబుల్ ఉండేది కాదు. లాగితే బయటికి, తోస్తే లోపలికి. రష్ పట్టుకుని అసిస్టెంట్ రాగానే డిస్కు మార్చేసి, టీ చల్లారేలోగా పని మొదలుపెట్టేవాళ్లం. ర్యామ్ మార్చడానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు పాతబడితే కొత్తది వేసుకుని ఇంకో నాలుగు సినిమాలు లాగేవాళ్లం. ఆ డబ్బాలు ఎడిట్ రూముల్లో బల్లల కింద ఏళ్ల తరబడి పడున్నాయంటే వాటి మీద మోజుతో కాదు, వాటిని తీసేయాల్సిన అవసరం రాక. బహుశా మీకు కోపం తెప్పించిందీ అదేనేమో!

దాన్ని మాత్రం సరిగా చూశారా? 2012 జూన్‌లో ప్రాసెసర్ కాస్త అటూ ఇటూ మార్చి సరిపెట్టారు. థండర్‌బోల్ట్ లేదు, యూఎస్‌బీ 3 లేదు. జనం గోల పెడితే, ఓ ఖాతాదారుడి ఈమెయిల్‌కి మీరే జవాబిచ్చారు, వచ్చే ఏడాది చివర్లో గొప్పది వస్తుందని. వచ్చే ఏడాది మార్చి వచ్చేసరికి యూరప్‌లో ఉన్నదాని అమ్మకం కూడా ఆగిపోయింది. అక్కడి కొత్త భద్రతా నిబంధనలకి దాని ఫ్యాను రక్షణ సరిపోలేదు. ఓ ఫ్యానుకి జాలీ బిగించే ఓపిక కూడా లేకపోయింది మీకు!

తర్వాత 2013 జూన్‌లో మీ మార్కెటింగ్ పెద్ద షిల్లర్ గారు వేదికెక్కి, మాకు కొత్తవి చేయడం రాదంటారా అని ఓ మోటుమాట కూడా జోడించి, నల్లటి గుండ్రటి డబ్బా ఒకటి చూపించారు. ఎత్తు పది అంగుళాల లోపు. లోకమంతా దానికి చెత్తబుట్ట అని పేరు పెట్టింది. స్లాట్లు లేవు. డిస్కు పెట్టే చోటు లేదు. అన్నీ బయట తగిలించుకోమన్నారు, తగిలించుకున్నాం, బల్లంతా వైర్లు. డిసెంబరులో అమ్మకానికి పెట్టి, ఇక దాని జోలికెళ్లడం మానేశారు. 2014 గడిచింది. 2015 గడిచింది. 2016 మే నెలలో తమరు స్వయంగా మా హైదరాబాదు వచ్చారు. నానక్‌రామ్‌గూడలో మ్యాప్స్ ఆఫీసు ప్రారంభించారు, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారితో ఫొటోలు దిగారు. సంతోషం. మ్యాపుల్లో మా సందులన్నీ దిద్దుకున్నారు. ఆ సందుల్లో ఎడిట్ రూములున్నాయని ఎవరూ మీ చెవిన వేసినట్టు లేరు.

చివరికి 2017 ఏప్రిల్‌లో ఐదుగురు విలేకరుల్ని పిలిపించుకుని ఒప్పుకున్నారు. షిల్లర్, ఫెడెరిగీ, టెర్నస్, మీ పెద్దలు ముగ్గురూ కూర్చుని. ఆ గుండ్రటి డబ్బాలో వేడి బయటికి పోయే తీరు వల్ల మమ్మల్ని మేమే మూలకి నెట్టుకున్నామని చెప్పారు. ఆలస్యానికి సారీ అన్నారు. కొత్తది చేస్తున్నాం, ఈ ఏడాది మాత్రం రాదన్నారు. ఇంత పెద్ద కంపెనీ తప్పు ఒప్పుకోవడం మాటలు కాదు, నిజం చెప్పొద్దూ, ఆరోజు మనసు కరిగింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఈ ఏడాదీ రాదు, 2019లో అన్నారు. దానికీ కరిగాం. అప్పటికి మాకు కరగడం అలవాటైపోయింది.

2019 డిసెంబరులో వచ్చింది. మంచి డబ్బా. ఎనిమిది స్లాట్లు, తలుపు, ర్యామ్, అడిగినవన్నీ ఇచ్చారు. 5,999 డాలర్లు తీసుకుని 256 గిగాబైట్ల డిస్కు చేతిలో పెట్టారు, ఫోన్లో ఉండేంత. దాన్నీ భరించాం. కింద చక్రాలు కావాలంటే ఇంకో 400 డాలర్లు, ఆ చక్రాలకి బ్రేకుల్లేవు. స్క్రీనుకి స్టాండు 999 డాలర్లు అన్నప్పుడు మీ సొంత సభలో మీ సొంత జనమే గుసగుసలాడారు. పోనీలే, ఆరేళ్ల ఎదురుచూపు ఫలించిందనుకున్నాం. సరిగ్గా ఆరు నెలలు. 2020 జూన్‌లో ఇంటెల్‌కి స్వస్తి, రెండేళ్లలో అన్నీ మా చిప్పులే అన్నారు. ఆ పెద్ద డబ్బా మీద, అందులో పెట్టుకోమని రెండు వేల డాలర్లకి అమ్మిన ఆఫ్టర్‌బర్నర్ కార్డు మీద లక్షలు పోసినవాళ్ల మొహాలు ఒకసారి ఊహించుకోండి. ఆ రెండేళ్ల గడువులో చేరనిది కూడా మ్యాక్ ప్రో ఒక్కటే. మూడేళ్లకి వచ్చింది. వచ్చింది ఇదీ, ఖాళీ జాగా.

నోరు తెరిచాను కాబట్టి మిగతావీ పడేస్తాను. 27 అంగుళాల ఐమ్యాక్‌ని 2022లో ఎందుకు తీసేశారు? ఐమ్యాక్ ప్రోని ఒక్క తరంతోనే ఎందుకు ముగించారు? మ్యాక్ మినీని 2014 నుంచి 2018 దాకా నాలుగేళ్లు ఎందుకు గాలికొదిలేశారు? ఇప్పుడు కొత్త మినీకి పవర్ బటన్ అడుగున పెట్టారు, ఆన్ చేయాలంటే దాన్ని పైకెత్తాలి. మౌస్‌కి ఛార్జింగ్ రంధ్రం పొట్ట కింద పెట్టారు, ఛార్జింగ్ అయ్యేంతసేపూ అది వెల్లకిలా పడుంటుంది. పదేళ్లుగా నవ్వుతున్నారు జనం. మొన్న ఆ రంధ్రం రకం మార్చారు, చోటు మాత్రం మార్చలేదు. పంతమా?

సాఫ్ట్‌వేర్ గురించి తల్చుకుంటే కడుపు మండుతుంది గానీ ఒక్కటి చెబుతాను. 2011లో ఫైనల్ కట్ ప్రో 7 ఆపేసి, పాత ప్రాజెక్టులు తెరుచుకోని కొత్తది తెచ్చారు. ఎడిటర్లు గుంపులు గుంపులుగా ఇంకో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు. వెళ్లనివాళ్లు వెళ్లలేదు. 2019లో వచ్చిన కొరియా సినిమా 'పారసైట్'ని మీరు ఎనిమిదేళ్ల కిందట పాతిపెట్టిన ఆ 7లోనే కట్ చేశారు. ఎడిటింగ్‌కి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మీరు వదిలేసినదాన్ని కూడా మేం ఎంత కాలం పట్టుకుని వేలాడతామో చూశారా? ఆ ధీమాతోనేనా ఇదంతా?

ఇక తిట్టే ఓపిక లేదు. అసలు విషయం చెబుతాను, వినండి.

మీరు దాన్ని ఆపేస్తే మేం చచ్చిపోం. ఇక పెద్ద డబ్బాలు చేయం, స్లాట్ల కాలం అయిపోయింది, స్టూడియో కొనుక్కుని కార్డులకి బయట ఓ పెట్టె తగిలించుకోండి అంటే, రెండు రోజులు తిట్టుకుని మూడోరోజు అదే చేస్తాం. లేదా విండోస్ డబ్బా కట్టించుకుంటాం, అందులో కావాల్సినన్ని గ్రాఫిక్స్ కార్డులు పడతాయి. చాలామంది ఇప్పటికే అటు వెళ్లారు, మీకు తెలియనిదా? లేదూ, చేస్తున్నాం, ఫలానా ఏడాదికి వస్తుంది అంటే ఆగుతాం. ఆగడంలో మాకున్న అనుభవం ఇంకెవరికీ లేదు. కానీ ఈ రెండింటి మధ్యలో, పాత చిప్పుతో, పాత ధరకి, నోరు మెదపకుండా దాన్ని పట్టికలో అలా నిలబెట్టడం దేనికి? తెలియక కొనేవాడు ఎవడో ఒకడు దొరుకుతాడనా? వాడు కూడా మీవాడే కదండీ.

ఇక్కడ మార్చి 31 దగ్గర పడుతోంది. మా ఆడిటర్ గారు ఏం కొంటారో కొనండి, బిల్లు ఈ ఆర్థిక సంవత్సరంలో పడాలి అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ప్రొడ్యూసర్ గారు పెద్దదే కొందాం, పేరుంటుంది అంటున్నారు. వద్దండీ, చిన్నదే దీనికన్నా కొత్తది అంటే, నేను కక్కుర్తిపడి తక్కువ రకం చూపిస్తున్నానని అనుమానపడుతున్నారు. ఆయనకి నేనేం చెప్పను? ఈ నెలాఖరులోగా ఒక్క మాట చెప్పించండి. షిల్లర్ గారి చేత వద్దు, వేదిక వద్దు, విలేకరులూ వద్దు. ఉంచుతారా, తీసేస్తారా? అదీ చెప్పలేకపోతే, కనీసం ఆ 6,999 పక్కన ధరైనా తగ్గించి రాయండి, ఆయనకి చూపించుకుంటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
కృష్ణానగర్ ఎడిటర్