ఇంట్లో ఉండి అడ్రసు దొరకని యంత్రం

చేతిలోని ఫోనులో సినిమా పాట నిరాటంకంగా సాగుతుండగా, అదే గదిలో, అదే పాస్‌వర్డుతో, అదే వైఫైకి కలిసిన ల్యాప్‌టాప్ మాత్రం ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని రోజుల తరబడి ప్రకటించడం గృహస్థుని సహనానికి వచ్చిన పరీక్షలలో నీచమైనది. తెగిపోయిన సంబంధాన్ని మనిషి అర్థం చేసుకోగలడు గానీ, పీటల మీద కూర్చుని తాళి కట్టనన్న వరుణ్ణి ఏ శాస్త్రమూ సమర్థించదు. ట్రబుల్‌షూటర్, అనగా దోషాన్ని వెదికి సరిదిద్దవలసిన ఉపకరణం, చాలాసేపు ఆలోచించి, కారణం తెలియలేదనీ ఆన్‌లైన్‌లో సహాయం పొందవచ్చుననీ సెలవిస్తుంది. నూతిలో పడ్డవాడిని తాడు కోసం బజారుకు పంపడం ఇదే.

నల్ల తెర మీద ‘ఐపీకాన్ఫిగ్’ అనే ఆదేశం టైపు చేస్తే, సాధారణంగా 192.168తో మొదలు కావలసిన చిరునామా 169.254తో మొదలై కనిపించవచ్చు. వైఫై పెట్టె, అనగా రౌటరు, ఇంట్లోని ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఇస్తుంది. ఈ పంపకం పేరు డీహెచ్‌సీపీ. పంపకం అందని ల్యాప్‌టాప్ ఊరుకోక, 65,024 చిరునామాలున్న ఒక పోరంబోకులో నచ్చిన చోట తానే గుడిసె వేసుకుంటుంది. వేసుకునే ముందు, ఈ స్థలం ఎవరిదైనా ఉందా అని చుట్టుపక్కలకు కేక వేసి, పలికేవారు లేకపోతే తనదేనని నిశ్చయించుకొని, గుమ్మానికి డోరు నంబరు కూడా రాసుకుంటుంది. ఈ ఆక్రమణకు 2005లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 3927 అనే ప్రామాణిక పత్రం అనుమతి ఇచ్చింది కనుక తహసీల్దారుకు ఫిర్యాదు చేసినా లాభం లేదు. పట్టా ఉంది, ఇల్లుంది, నంబరుంది. ఆ నంబరు మీద వచ్చిన ఉత్తరాన్ని రౌటర్లు వీధి దాటించకూడదన్న నిబంధన మాత్రం అదే పత్రంలో ఉంది.

1983లో మైక్ మూస్ రాసిన ‘పింగ్’ అనే ప్రోగ్రాము మరొక యంత్రాన్ని పిలిచి, అది ఎంతసేపటికి పలికిందో చెబుతుంది. 127.0.0.1ను పిలిస్తే ల్యాప్‌టాప్ తనను తానే పిలుచుకొని, ఒక్క కేక కూడా వృథా కాకుండా, తక్షణమే పలుకుతుంది. కొడుకు డాలస్ వెళుతూ ఆదివారం మాటల కోసం వదిలిన ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్ళలో నెగ్గే పరీక్ష ఇదొక్కటే. ఉదయం తొమ్మిదింటికి మొదలైన మరమ్మతు పన్నెండింటికి కొలిక్కి వచ్చేసరికి అక్కడ అర్ధరాత్రి దాటి, అబ్బాయి నిద్రపోయి ఉంటాడు.

రౌటరును ఆపి, అర నిమిషం ఆగి, మళ్ళీ వేస్తే చాలాసార్లు 192.168 తిరిగి వస్తుంది. సేవాకేంద్రంలోని గొంతు మొదటి నిమిషంలో చెప్పినదీ ఇదే.