దొర్లడంలో ఫస్టు ర్యాంకు

అమెరికా టీవీలో పికప్ ట్రక్కు ప్రకటన ఎప్పుడైనా చూశారా? అందులో బండి మామూలు రోడ్డు మీద నడిస్తే ఒట్టు. కొండ ఎక్కుతుంటుంది, వాగు దాటుతుంటుంది, బురదను ఆకాశానికి చిమ్ముతుంటుంది, మోకాలి లోతు మంచును చీల్చుకుంటూ పోతుంటుంది. వెనకనుంచి ఒక బొంగురు గొంతు కష్టం గురించి, నేల గురించి, తాతముత్తాతల గురించి గంభీరంగా ఏదో చెబుతుంటుంది. తెర అడుగున మాత్రం చీమ తలకాయంత అక్షరాలు: నడిపినవాడు ఆరితేరిన డ్రైవరు, మీరు ఇలాంటివి చేయకండి.

ఆ ప్రకటన మొత్తంలో నమ్మదగిన వాక్యం అదొక్కటే. షోరూములో బిగించి ఇచ్చిన టైర్లతో మంచులోకీ బురదలోకీ దిగితే ఏమవుతుందో ఆ కంపెనీకి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు.

ఒకసారి వంగి టైరు పక్కభాగం చదవండి. పీ275/65ఆర్18 అని కొలత. ఎంత బరువు మోస్తుందో ఒక అంకె. అరుగుదలకో మార్కు, వేడికో మార్కు, ట్రాక్షన్‌కి, అంటే పట్టుకి, ఏ అనో బీ అనో ఇంకో మార్కు. ఆ ట్రాక్షన్ మార్కు తడి తారు మీద, తడి కాంక్రీటు మీద తిన్నగా పోతూ బ్రేకు వేసి చూస్తే వచ్చింది, మంచుతో దానికేమీ చుట్టరికం లేదు. వీటన్నిటి మధ్యా ఎం+ఎస్ అని ఉంటుంది. ఎం అంటే మడ్డు, ఎస్ అంటే స్నో. సేల్స్‌మన్ వేలు పెట్టి చూపించేది దీన్నే. "ఇంకేం కావాలి సార్, బురదకీ మంచుకీ రెండింటికీ రాసే ఉంది!"

రాసే ఉంది, కాదనను. ఏ పరీక్ష పెట్టి రాశారని అడిగితేనే తంటా. ఈ రెండక్షరాల కోసం టైరును మంచులోకి తీసుకెళ్లనక్కర్లేదు, బురదలోకి దించనక్కర్లేదు. గాళ్లు ఏ వాలున ఉన్నాయి, ఎంత వెడల్పున్నాయి, ట్రెడ్డులో ఖాళీ జాగా నాలుగో వంతుకు తగ్గకుండా ఉందా అని కొలుస్తారు. స్కేలూ కోణమానినీ చేతికిస్తే తొమ్మిదో తరగతి కుర్రాడు సంతకం పెట్టగల సర్టిఫికెట్ ఇది. కొలిచేదీ తయారుచేసినవాడే, అచ్చు వేసేదీ వాడే.

నిజంగా మంచులో పరీక్ష రాసి వచ్చిన టైరుకు వేరే ముద్ర ఉంది. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచుపువ్వు. 1999లో వచ్చింది. అణిగిన మంచు మీద ఒక ప్రామాణిక టైరు పక్కన పెట్టి లాగించి చూస్తారు, దానికన్నా కనీసం పది శాతం మెరుగ్గా పట్టు దొరికితేనే ఆ బొమ్మ వేసుకోనిస్తారు. ఇదీ మహా గొప్ప పరీక్షేమీ కాదు. తిన్నగా లాగడమే చూస్తారు తప్ప గడ్డకట్టిన రోడ్డు మీద బ్రేకు సంగతీ మలుపు సంగతీ అడగరు. ముప్పై అయిదు మార్కుల పాసు. కానీ హాజరైనవాడికి పాసు మార్కులు, హాల్ టికెట్ మాత్రమే ఉన్నవాడికి డిగ్రీ పట్టా అన్నట్టుగా ఉంది షోరూముల వ్యవహారం.

పోనీ కంపెనీవాళ్లకు మంచు తెలియదా అంటే, వాళ్ల అడ్రసులు చూడండి. పికప్ ట్రక్కుల్లో ఎఫ్-150 తయారయ్యే ఊళ్లలో ఒకటి మిషిగన్‌లోని డియర్‌బోర్న్. రామ్ 1500 పుట్టేది అదే రాష్ట్రంలో స్టెర్లింగ్ హైట్స్‌లో. సిల్వరాడోలు దిగే ఫోర్ట్ వేన్ ఇండియానాలో ఉంది. టైర్ల రాజధానిగా పేరుపడ్డ ఆక్రన్ ఒహాయోలో. ఏటా చలికాలమంతా కిటికీలోంచి మంచును చూస్తూ, పార్కింగులో పారతో మంచు ఎత్తిపోసుకుంటూ, లోపలికొచ్చి కూర్చుని ఈ టైర్లను ఖాయం చేస్తారు. తెలియక కాదు, వాళ్లు రాయాల్సిన పరీక్ష వేరు.

ఆ పరీక్ష కథ 1973 చమురు సంక్షోభంతో మొదలైంది. 1975లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, కంపెనీ అమ్మే బళ్ల సగటు మైలేజీ ఇంతకు తగ్గకూడదని గిరి గీసింది. టైరు దొర్లడానికి పడే అడ్డు పది శాతం తగ్గిస్తే మైలేజీ ఒకటి రెండు శాతం పెరుగుతుందని లెక్క. మీ జేబులో అది కాఫీ ఖర్చు. లక్షల బళ్లు అమ్మే కంపెనీకి అదే శాతం ప్రాణవాయువు. బండి ఎంత తేలిగ్గా దొర్లుతుందో తేల్చే పద్ధతి కూడా చక్కగా ఉంటుంది. పొడి ట్రాక్ మీద వేగం అందుకుని, న్యూట్రల్‌లో వేసి వదిలేసి, నెమ్మదించడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. ఎంతకీ ఆగని బండికి ఎక్కువ మార్కులు. జనవరిలో సందు చివర స్టాప్ బోర్డు దగ్గర బ్రేకు తొక్కినా మీ ట్రక్కు హుందాగా ముందుకు సాగిపోతూనే ఉందంటే, అది చదువుకున్న చదువు మరిచిపోలేదన్నమాట. (దొర్లుడు వేరు, జారుడు వేరు అని ఇంజనీర్లు కోప్పడతారు. నిజమే. కానీ నాలుగు రకాల గుణాలకు కొలువిచ్చే చోట ఒకదానికే జీతం పెంచుతూ పోతే మిగతా మూడూ ఎలా పనిచేస్తాయో వాళ్లకూ తెలుసు.)

ఇంకో పరీక్ష శనివారం మధ్యాహ్నం జరుగుతుంది. భార్యాభర్తలు కూర్చుని డీలరు చుట్టుపక్కల ఒక చుట్టు తిప్పుతారు. టైరు హోరు వినబడకూడదు, సీటు కుదపకూడదు. మెత్తగా, నిశ్శబ్దంగా పోతే సంతకం పడ్డట్టే. ఆ పూట మంచు ఉండదు, బురద అంతకన్నా ఉండదు. న్యాయంగా చెప్పాలంటే వేసవిలో హైవే మీద ఈ టైర్లకు వంక పెట్టలేం. ఆ పనికే వాటిని చేశారు.

అసలు చిక్కు ఆ ప్లస్ గుర్తులో ఉంది. బురదకు కావలసిన టైరూ మంచుకు కావలసిన టైరూ ఒకదానికొకటి శత్రువులు. బురద టైరుకు దిమ్మలు పెద్దవిగా, గట్టిగా, దూరదూరంగా ఉండాలి, నడుమ గాళ్లు లోతుగా ఉండాలి. చక్రం తిరిగే ఊపుకు మట్టి గాడిలోంచి ఎగిరి పడాలి, అక్కడే తిష్ఠ వేయకూడదు. మంచు టైరులో అంతా తలకిందులు. గాడిలో మంచు ఇరుక్కోవాలి, ఎందుకంటే రబ్బరుకన్నా మంచే మంచును బాగా పట్టుకుంటుంది. దిమ్మల మీద వందల కొద్దీ సన్నటి కత్తిగాట్లు ఉండాలి. ఈ గాట్లకు జాన్ సైప్ అనే ఆయన 1923లో పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ వాటిని సైపులనే అంటారు. రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండాలి. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగాక బిగుసుకోవడం మొదలెడుతుంది. మైనస్ ఇరవైలో దాని మీద గోరు నొక్కి చూడండి, గోరే వంగుతుంది. బురద కోసం కొన్న భీకరమైన టైరు గడ్డకట్టిన రోడ్డు మీద జారిపోవడానికి కారణమూ ఇదే. కంపెనీ టైరుకు ఆ పెద్ద దిమ్మలూ లేవు, ఈ మెత్తదనమూ లేదు. పేరు మాత్రం ఇద్దరిదీ పెట్టుకుంది.

బురద గురించి మనవాళ్లకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. డాలస్‌కి ఉత్తరాన, తెలుగువాళ్లు పోటీపడి ఇళ్లు కట్టిస్తున్న ప్రాస్పర్, సెలీనా వైపు నేల నల్లటి బంకమట్టి. మన కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి ఏ జాతిదో అదీ ఆ జాతే. మట్టి శాస్త్రంవాళ్లు రెండింటినీ వర్టిసాల్ అంటారు. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది, అంటుకుంటే వదలదు. వానపడ్డ మర్నాడు పునాది చూసొద్దామని అందులోకి ట్రక్కు దించితే, చక్రం రెండు చుట్లు తిరిగేసరికి గాళ్లన్నీ పూడిపోతాయి. ఇక అది నున్నటి నల్ల గుండు. గ్యాసు తొక్కిన కొద్దీ తన గొయ్యి తనే తవ్వుకుంటుంది, వెనక నిలబడి తోసేవాళ్ల ప్యాంట్లు నల్లబడతాయి. ఆ తోసేవాళ్లలో ఒకాయన నాన్నగారు ఊళ్లో దమ్ముకు దిగేముందు ట్రాక్టరుకు ఇనప దమ్ము చక్రాలు బిగించేవారు. వాటితో తారురోడ్డెక్కితే ఊరంతా తిట్టేది. చేనుకో చక్రం, దారికో చక్రం అని చదువు లేని రైతుకు కూడా తెలిసిన సంగతిని, డెబ్బై వేల డాలర్ల బండి అమ్మేవాడు ప్లస్ గుర్తు పెట్టి కొట్టేశాడు.

కొన్నవాళ్లూ తక్కువ తినలేదు. మినియాపొలిస్ చలిలో కాపురముండి శీతాకాలం టైర్లు దండగంటారు. "మాది ఫోర్ వీల్ డ్రైవండీ!" అయ్యా, ఫోర్ వీల్ డ్రైవు బండిని కదిలిస్తుంది, ఆపదు. ఆపడానికి మీ పక్కింటాయన పాత కరోలాకీ నాలుగు చక్రాలకీ బ్రేకులున్నాయి. పైగా ఖాళీ పికప్పుకు బరువంతా ముందు ఇంజను మీద, వెనక చక్రాల మీద గాలి తప్ప ఏముంది? అందుకే అక్కడి పాతకాపులు చలికాలంలో వెనక ఇరుసు మీదికొచ్చేలా ఇసక బస్తాలు వేసుకుంటారు. మనాయన బెడ్డు మీద మెరిసే మూత వేయిస్తాడు, కాలు పెట్టడానికి క్రోము మెట్టు బిగిస్తాడు, టైర్ల మాటెత్తితే "కొత్తవే కదా" అంటాడు. కొత్తవే. కాకపోతే బండితో వచ్చిన ఆ టైర్లకు చాలావరకు మైళ్ల గ్యారంటీ ఉండదు, అదే పేరుతో దుకాణంలో కొన్నవాటికి ఉంటుంది. చేసినవాడే అంతగా పూచీ పడని సరుకు మీద మనకెందుకంత భక్తి?

ఫిన్లండ్‌వాళ్లు 1934లోనే మంచుకు వేరే టైరు చేసుకున్నారు. అన్ని కాలాలకూ ఒకటే టైరు అన్న వైభవం అమెరికాలో 1977లో గుడ్‌ఇయర్ టియెంపోతో మొదలైంది. క్వెబెక్‌లో 2014 డిసెంబరు నుంచి ఎం+ఎస్ ఒక్కటే ఉంటే శీతాకాలం టైరుగా ఒప్పుకోరు, కొండబొమ్మ కావాల్సిందే. జర్మనీ 2024 సెప్టెంబరు నెలాఖరుతో ఆ రెండక్షరాలకు చెల్లు చీటీ రాసింది. కొలరాడోలో ఐ-70 కొండదారి మీద మాత్రం గాడి లోతు 3/16 అంగుళం ఉంటే అవే అక్షరాలు ఇప్పటికీ చెల్లుతాయి.

కాబట్టి అక్టోబరులో ఒకసారి వంగి చూడండి. కొండబొమ్మ లేకపోతే అది ఉన్నవి కొనండి, బండితో వచ్చినవి గరాజులో దాచి ఏప్రిల్‌లో ఎక్కించుకోండి. చలికి ప్రతి పది డిగ్రీల ఫారన్‌హీట్‌కూ ఒక పీఎస్‌ఐ చొప్పున గాలి తగ్గుతుంది, చూసుకోండి. కొంటే నాలుగూ కొనండి. వెనక రెండింటికే వేస్తే ముందు చక్రాలు మలుపు తిరగవు, ముందు రెండింటికే వేస్తే బండి వెనక భాగం మీకన్నా ముందు ఇంటికి చేరాలని చూస్తుంది.