రొయ్యకు రూపాయిన్నర

పెట్రోలు కారు వదిలించుకోండి, గ్యాసు పొయ్యి అటకెక్కించండి, అన్నీ కరెంటు మీదే నడుపుకోండి అని పెద్దలు పోరుతున్నారు. 2021లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీగారు ‘గో ఎలక్ట్రిక్’ అని ప్రచారమే మొదలెట్టారు. పాపం, మా వైపు సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. కొల్లేరు చుట్టుపక్కల కరెంటు యుగం ఎప్పుడో వచ్చేసింది. కాకపోతే మనుషులకు కాదు, రొయ్యలకు.

నమ్మకం లేకపోతే ఓ రాత్రి ఆకివీడు దాటి చూడండి. చెరువు చెరువుకీ నీళ్లలోకి గాలి చిలికే చక్రాలు, అంటే ఏరేటర్లు, గిర్రున తిరుగుతుంటాయి. నీళ్లలోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, పొద్దుగూకితే అదే లాగేసుకుంటుంది. తెల్లారగట్ల రొయ్యకు ఊపిరాడదు. ఆ వేళప్పుడు కరెంటు పోయి, చక్రాలు ఆగి, ఎవరూ చూసుకోకపోతే సరుకంతా తేలిపోతుంది, రైతు మునిగిపోతాడు. అందుకే కరెంటు యుగంలోకి ముందుగా అడుగుపెట్టిన మా రైతు, గట్టు మీద డీజిల్ జనరేటరు కూడా పెట్టుకున్నాడు. గడ్కరీగారి ప్రచారంలో ఈ జనరేటరు ప్రస్తావన ఉన్నట్టు లేదు.

మర్యాదలో కూడా రొయ్యదే పైచేయి. ఆక్వా జోన్‌లో పదెకరాల లోపు రైతుకు యూనిట్ రూపాయిన్నర అన్నారు. అదే యూనిట్ ఇంట్లో మనిషి వాడితే, నెలకు 400 దాటాక, 2022 టారిఫ్‌లో 9.75. తప్పు పట్టడానికేం లేదు. రొయ్య అమెరికా వెళ్లి డాలర్లు తెస్తుంది. మనం ఇంట్లో కూర్చుని పెసరట్టు తింటాం. పైగా మన బిల్లు ఒకసారి కట్టేస్తే తీరేది కాదు. 2022-23లో కాల్చిన కరెంటుకు సర్దుబాటు చార్జీ 2024 డిసెంబరు నుంచి వడ్డించారు. ఎప్పుడో అరిగిపోయిన పప్పుకు మళ్లీ డబ్బులన్నమాట. గ్యాసు కుర్రాడు ఎంత గడుసువాడైనా రెండేళ్ల కిందటి సిలిండరుకు మళ్లీ చెయ్యి చాపలేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఏలూరు పవర్‌పేటలో ఓ మామగారికి సంక్రాంతికి కొత్త కారులో అల్లుడొచ్చాడు. (పేట పేరు చూసి ఆశపడకండి, కోత అక్కడా ఉంటుంది.) హైదరాబాదు నుంచి సూర్యాపేటలో ఓసారి, బెజవాడలో ఓసారి చార్జింగు పట్టించుకుంటూ, చివర్లో ఏసీ ఆపేసి, అద్దాలు దించుకుని, చెమటలు కక్కుతూ దిగాడు. అత్తగారు మజ్జిగ గ్లాసుతో ఎదురెళ్లింది.

“నాకు తర్వాత అత్తయ్యగారూ, ముందు ప్లగ్గెక్కడ?” అన్నాడు.

గీజరు ప్లగ్గుకు కారు తగిలించారు. మామూలు ప్లగ్గు మీద నిండాలంటే రాత్రంతా పడుతుందట. కిందటేడు ఇదే అల్లుడి మాట మీద ఆ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి కూడా వెలిసింది. కారు, పొయ్యి, ఏసీ కలిసి ఒక్కసారి లాగేసరికి ఎంసీబీ టప్పుమంది. ఇక ఆ ఇంట్లో అల్లుడికి ఏసీ వేస్తే కారుకు చార్జింగు లేదు, కారుకు పెడితే అల్లుడికి గారెలు లేవు.

ఇండక్షన్‌తో అత్తగారి కష్టం వేరు. అయస్కాంతం అంటుకునే గిన్నె అయితేనే అది వేడెక్కుతుంది, అడుగు కూడా చదునుగా ఉండాలి. ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద ఉన్న అయస్కాంతపు వెంకటేశ్వరస్వామిని ఊడబెరికి, కొంగున కట్టుకుని పాత్రల కొట్టుకు వెళ్లింది. గిన్నె గిన్నెకీ స్వామిని తాకించి చూసింది. ఇత్తడికి అంటుకోలేదు, సత్తు డేక్షాకి అంటుకోలేదు. కొల్లేటి కొర్రమీను పులుసు పెట్టే మట్టి దాక సంగతి అడగనే అక్కర్లేదు. కాల్చిన వంకాయ పచ్చడికి మంట కావాలి, అప్పడానికీ కావాలి. అందుకని తలుపు చాటున ఓ గ్యాసు సిలిండరు చప్పుడు చెయ్యకుండా బతుకుతోంది. రైతు గట్టు మీద పెట్టిన తెలివే ఆవిడ వంటింట్లో పెట్టింది. 1999లో ‘దీపం’ పేరుతో గ్యాసు పంచిన రాష్ట్ర ప్రభుత్వమే 2024లో ‘దీపం-2’ పేరుతో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంది. కరెంటుకు మారమని ఒకరు, గ్యాసు ఊరికే ఇస్తామని ఇంకొకరు అంటుంటే, ఆడవాళ్లు రెండు మాటలూ విని రెండు పొయ్యిలూ ఉంచుకున్నారు.

కనుమ నాడు మామగారు ఓ నిర్ణయానికొచ్చారు. కారును తిన్నగా కొల్లేరు వైపు తన రొయ్యల చెరువు గట్టుకు తోలించారు. కరెంటు ఉన్నంతసేపు రొయ్య రేటులో చార్జింగెక్కింది. పోగానే జనరేటరు అందుకుంది. గుప్పుగుప్పున డీజిల్ పొగ. దాని పక్కనే నిలబడి అల్లుడు ‘పొగలేని ప్రయాణం’ అని సెల్ఫీ తీసుకుని అందరికీ పంపాడు. వెనకాల పొగ వచ్చిన మేర కత్తిరించాడనుకోండి, అది వేరే విషయం.

సరిగ్గా అప్పుడే లైన్‌మన్ మోటారు సైకిలు మీద అటొచ్చాడు. మీటరు వంక చూశాడు, వైరు వంక చూశాడు, వైరు పట్టుకుని కారు దాకా నడిచాడు.

“ఏంటండిది?”

మామగారు తడుముకోలేదు. “నాలుగు చక్రాల ఏరేటరండి. కొత్త మోడల్.”

“ఆయ్, అలాగాండి? అయితే చెరువులోకి దింపించండి, తిరుగుతుందేమో చూసెళతాను.”