చలికాలం మామ

ఊత్తంగరైలో ఈమధ్య వీధికొకరు తయారవుతున్నారు. వయసు అరవై దాటి ఉంటుంది. హోసూరులో ఏదో ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసి, రిటైరై, సొంతూరు చేరి, పెరట్లో నాలుగు పెట్టల్ని వదిలి ఉంటారు. చెవిమీద పెన్సిలు, జేబులో సెల్‌ఫోను, చేతిలో గుడ్డు. ఈ మూడూ ఒకే మనిషి దగ్గర కనబడితే ఇక పేరడగనక్కరలేదు. "చలికాలం మామా!" అని పిలవండి, పలుకుతాడు.

ఈ జాతికి పెద్దదిక్కు మా వీధి చివరింటి మామ. ఎప్పుడు పలకరించినా ఆయన మాట ఒకటే. "చలికాలం వస్తాండాది అల్లుడా, జాగ్రత్త పడాల." ఇది మార్గశిరంలో అంటే ఎవరూ వింతగా చూడరు. మామ చైత్రంలో అంటాడు. మామిడికాయల లారీలు కృష్ణగిరికి వరస కట్టే ఎండలో, తలమీద తడిగుడ్డ వేసుకుని మరీ అంటాడు.

అసలు మా ఊరి చలికాలం ఎంతని? హోసూరంటే ఎత్తుమీద ఉంది, బెంగళూరు గాలి తగులుతుంది, అక్కడ స్వెట్టరుకు కాస్త పని ఉంది. ఊత్తంగరై కిందికి, తిరువణ్ణామలై దారిలో ఉంది. ఇక్కడ చలి అంటే పొద్దున ఆరింటికి మఫ్లరు, పదింటికి మజ్జిగ. ఆ మధ్యలో ఉన్న నాలుగు గంటలే మాకు శీతాకాలం.

మరి మామ భయపడే చలికాలం ఎక్కడిదంటే, ఫోనులో చూసిన వీడియోలోది. అమెరికాలో మోకాలి లోతు మంచులో ఒక జంట కోళ్లగూడు తలుపు తీసి, గుడ్లు ఆగిపోయాయని దిగాలుపడి, ఆపైన నేలమాళిగలోకి దిగి, సున్నపు నీళ్లలో వేసిన గుడ్ల జాడీలు చూపించి మురిసిపోతారు. మామకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మంచు మాత్రం బాగా అర్థమైంది. ఆ రోజే వాళ్ల చలికాలాన్ని ఊత్తంగరైకి దిగుమతి చేసుకున్నాడు.

వాళ్ల బాధలో న్యాయముంది. పెట్ట తెరపి లేకుండా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. లండనులో డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు కుంచించుకుపోతుంది. అలాంటి చోట దాచుకోక తప్పదు. మనమేమో భూమధ్యరేఖకు 12 డిగ్రీల పైన కూర్చున్నాం. ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు దాటుతుంది. మన నాటుపెట్ట లెక్కే వేరు. పన్నెండో పదిహేనో పెట్టగానే దానికి తల్లితనం గుర్తొస్తుంది. పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని ఊరంతా తిప్పి, నడుమ ఈకలు రాల్చి, తీరిక దొరికినప్పుడు మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే ఫారం కోడి ఏడాదికి 300 గుడ్లు దాటుతుంటే నాటుపెట్ట అరవై, ఎనభై దగ్గర ఆగుతుంది. ఈ సంగతి అత్తకు పెళ్లికి ముందే తెలుసు. వీడియోలో చెప్పలేదు కాబట్టి మామ నమ్మడు.

మామ మందలో జాతీయ సమైక్యత ఉంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తీసిన గిరిరాజ ఒకటి, హైదరాబాదు పౌల్ట్రీ పరిశోధన సంస్థ తీసిన గ్రామప్రియ ఒకటి, పోచంపల్లి ఆదివారం సంతలో బేరమాడి తెచ్చిన నాటుపెట్టలు రెండు. (చీరల పోచంపల్లి మీది. మాది సంత పోచంపల్లి.) ఒకప్పుడు ఎర్రటి పుంజు కూడా ఉండేది. పుంజు తిరిగే ఇంట్లో గుడ్డుకు జీవం ఉంటుందనీ, ఎండకు ఆ జీవం లోపల కదలడం మొదలుపెడితే గుడ్డు నిలవ ఉండదనీ మామ ఎక్కడో విన్నాడు. విన్నది నిజమే. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డే ఎక్కువ రోజులు ఆగుతుంది. మర్నాడే పుంజుకు దేశబహిష్కారం. సింగారపేటలో చెల్లెలి ఇంటికి పంపేశాడు. వీధికి తెల్లవారుజాము కూత పోయింది. పెట్టలు మాత్రం యథాప్రకారం పొదుగుకు కూర్చుని, ఎన్నటికీ పిల్లలు కాని గుడ్లమీద తపస్సు చేస్తున్నాయి. "ఆ ఉసురు ఊరికే పోదు" అని అత్త రోజుకొకసారి హెచ్చరిస్తుంది.

గుడ్డు పడగానే మామ చేసే మొదటి పని రాయడం. పెట్ట లేచి కొక్కొక్కొ అని చాటింపు వేసేలోపు చెయ్యి గంపలో ఉంటుంది. చెవిమీది పెన్సిలు దిగుతుంది. వేడి తగ్గని పెంకుమీద చిన్న అక్షరాలతో "12-9, గిరి, మబ్బు" అని పడుతుంది. తేదీ, తల్లిపేరు, వాతావరణం. మనలో కోడిగుడ్డుమీద ఈకలు పీకేవాళ్లకు కరువు లేదు. కోడిగుడ్డుమీద డైరీ రాసే మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

రెండో పని దాచడం. మొనదేరిన కొస కిందికి, మొద్దుకొస పైకి. మొద్దుకొసలో గాలిగది ఉంటుంది, అది పైకి ఉంటేనే పచ్చసొన నడిమధ్యన కుదురుగా నిలుస్తుంది. ఇందులో తప్పు పట్టడానికి లేదు. తప్పంతా చోట్లలో ఉంది. రాగుల డబ్బాలో గుడ్లు, ఊకగంపలో గుడ్లు, కల్లుప్పు జాడీలో గుడ్లు. సంగటికని రాగులు తీయబోతే చేతికి గుడ్డొస్తుంది. చారులోకి ఉప్పు తీయబోతే గుడ్డొస్తుంది. బీరువాలో ఎందుకు లేవంటే, తాళంచెవి అత్త కొంగున ఉంది కాబట్టి.

ఆ ఇంట్లో పెద్ద యుద్ధం నీళ్ల దగ్గర వస్తుంది. అత్త శుభ్రం మనిషి. రెట్ట అంటిన గుడ్డు కనబడితే కుళాయి కిందికి తీసుకెళుతుంది. మామ నాలుగంగల్లో వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. "కడిగితే చచ్చిందే గుడ్డు! పైన పొర ఉండాదే!" ఈయన కేకకు పక్కింటివాళ్లు ఏదో ప్రమాదమనుకుని పరుగెత్తుకొచ్చిన రోజులున్నాయి. పొర మాట నిజం. పెంకుకు వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలుంటాయి. పెట్ట గుడ్డును వదిలేటప్పుడు వాటిమీద ఒక పలచని పూత పూసి పంపుతుంది. కడిగితే ఆ పూత పోయి సూక్ష్మజీవులకు దారి పడుతుంది. అమెరికాలో అంగడి గుడ్లను కడిగి తీరాలి, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి తీరాలి. యూరపులో అంగడికి వెళ్లే మేలురకం గుడ్లను కడగనివ్వరు. ఈ విషయంలో మామ ఇల్లు రెండు ఖండాలుగా చీలి ఉంది. వంటగది అమెరికా, వరండా యూరపు.

మామ గుడ్లకు పెట్టే శీలపరీక్షలు ఇంటికే పరిమితమైతే బాగుండును. ఒకసారి బస్టాండు దగ్గర ఒక హోటల్లో కూర్చుని గుడ్డు దోసె చెప్పాడు. "ముందు గ్లాసుడు నీళ్లు, దాంతోపాటు ఆ గుడ్డు ఇట్లా తే నాయనా" అన్నాడు. కుర్రవాడు నీళ్లు తాగడానికనుకున్నాడు. మామ గుడ్డును గ్లాసులో దించి, కళ్లద్దాలు సర్దుకుని, బల్లమీదికి వంగాడు. తాజా గుడ్డయితే అడుగున పక్కకు పడుకుంటుంది. పాతబడేకొద్దీ లోపలి తేమ రంధ్రాల్లోంచి పోయి గాలిగది పెరుగుతుంది, గుడ్డు నిలబడుతుంది. మురిగిందయితే తేలుతుంది. ఈ గుడ్డు మొనమీద లేచి, ఊగి, నిలబడింది. "పది రోజులయిండాది" అని తీర్పు చెప్పాడు. పక్క బల్లల మీదివాళ్లు తమ దోసెలకేసి అనుమానంగా చూసుకున్నారు. ఆ హోటల్లో ఇప్పుడు మామ కనబడితే ఉప్మా తప్ప ఏమీ లేదంటారు.

మామ అసలు కష్టం పెరటాసిలో మొదలవుతుంది. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా మా పక్క వెంకటేశ్వరస్వామి నెల. శనివారాలు పట్టే ఇళ్లలో నీచు ముట్టరు. గుడ్డుకు గిరాకీ పడిపోతుంది, గుడ్ల బజారుకు దారి చూపే నామక్కల్ రేటు కిందికి చూస్తుంది. అది ముగిసి దీపావళి దాటగానే అయ్యప్ప మాలలు. మనుషులకే ఇన్ని నియమాలు. పెట్టలకు స్వామివారి శనివారం తెలియదు, అవి పెడుతూనే ఉంటాయి. తినేవాళ్లు లేరు, అమ్మడానికి మామకు చెయ్యి రాదు. రోజూ నామక్కల్ రేటు కనుక్కుంటాడు, రేటు పెరిగితే "ఇంకా పెరగనీ" అంటాడు, తగ్గితే "ఇప్పుడా అమ్మేది?" అంటాడు.

అలా మిగిలినవన్నీ కుండలోకి చేరతాయి. ఈ కుండ చూడవలసిందే. లీటరు నీళ్లకు సుమారు 30 గ్రాముల తడిసున్నం కలిపి, మట్టికుండలో పోసి, కడగని, చిట్లని, అప్పుడే పెట్టిన గుడ్లను ఒక్కొక్కటే దించుతాడు. సున్నం అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. నాలుగు రోజులు పోయాక మూత తీస్తే నీళ్లమీద పలచటి తెల్లటి అట్ట కట్టి ఉంటుంది. గాలి తగిలిన సున్నం మళ్లీ రాయి కావడమది. దాన్ని కదపకూడదు, లోపలికి గాలి పోకుండా అది కావలి కాస్తుంది. దాని కింద మసక వెలుతురులో గుడ్లు బూడిదరంగు తిరిగి, మొనలు కిందికి పెట్టి, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సున్నం గుడ్డు రంధ్రాలన్నీ పూడ్చేస్తుంది కాబట్టి నెలల తరబడి ఆగుతుంది. ప్రపంచయుద్ధాల కాలంలో ఇంగ్లండులో ఇంటింటా సోడియం సిలికేట్ నీళ్లలో గుడ్లు దాచుకున్నారు. చైనావాళ్లు సున్నం, బూడిద, ఉప్పు కలిపి పట్టించి గుడ్డు రంగూ రుచీ మార్చుకుని తింటారు. వాళ్లందరూ దాచింది తినడానికి. మా మామ కుండ మూత తీసేది లెక్కపెట్టడానికి. "ఎప్పుడు తింటావు మామా?" అంటే, "చలికాలం రానీ అల్లుడా" అంటాడు. సంక్రాంతికి అడిగితే, "ఇదొక చలా? అసలుది ముందుండాది" అంటాడు.

అసలుది వచ్చింది. 2024 డిసెంబరు 1న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి వైపు నుంచి మా మీదికి తిరిగింది. ఒక్క రోజులో ఊత్తంగరైలో సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిసింది. బస్టాండు దగ్గర నిలిపిన వ్యాన్లు, కార్లు కాగితం పడవల్లా కొట్టుకుపోవడం దేశమంతా టీవీలో చూసింది. కరెంటు పోయింది. ఫ్రిజ్ ఉత్త బీరువా అయింది. అంగళ్లు మూతపడ్డాయి, పాల ప్యాకెట్టు లేదు, కూరగాయ లేదు. మామ మేడమీద గొడుగు పట్టుకుని నాలుగు పెట్టలకు కాపలా ఉన్నాడు. అవి తడిసిన ఈకలతో ముడుచుకుని, మేమిప్పట్లో పెట్టం అన్నట్టు చూస్తున్నాయి.

కింద అత్త ఎవర్నీ అడగలేదు. అటకమీది కుండ దించి, తెల్లటి అట్ట పగలగొట్టి, గుడ్లు బయటికి తీసింది. అన్నీ పెరటాసి గుడ్లే. ప్రతిదాన్నీ విడిగా గిన్నెలో కొట్టి, వాసన చూసి, బాగున్నవి పెద్ద గిన్నెలోకి వంచింది. తెల్లసొన నీళ్లగా ఉంది, పచ్చసొన తాకితే చెదురుతోంది. ఆమ్లెట్టుకు ఆ మాత్రం చాలు. ఉడకబెట్టేవాటికి మొద్దుకొసన సూదితో పొడిచింది. రంధ్రాలు మూసుకున్న గుడ్డు, గాలి పోయే దారిలేక ఉడుకులో పగులుతుంది. ఇదెవరు చెప్పారత్తా అంటే, "మీ మామ రోజూ అరిచేదాంట్లో పనికొచ్చేది అదొక్కటే" అంది. వీధిలో ఇళ్లన్నిటికీ పళ్లేలు వెళ్లాయి. చిన్నపిల్లలున్న ఇంటికి మొదట.

మామ దిగి వచ్చేసరికి కుండ సగమయింది. గుండె పట్టుకుంటాడేమోనని భయపడ్డాం. ఆయన గోడకానుకుని, పెంకుల కుప్పలోంచి ఒక్కో ముక్క తీసి, చెరిగిపోగా మిగిలిన పెన్సిలు రాతలు చదివాడు. "ఇది గిరి పెట్టింది... ఇది గ్రామప్రియ..." పక్కింటి పెద్దాయన నాలుగోముక్క నోట్లో పెట్టుకుంటూ, "నీ చలికాలం నిజమేనప్పా" అన్నాడు. ఆ ఒక్కమాటతో మామ ముఖం వెలిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. వరద తీసిన వారానికే మామ ఇంకో రెండు కుండలు తెచ్చాడు. "చూసినావు కదా అల్లుడా!" అంటాడు. నేను చూసిందొకటి, ఆయన చూసిందొకటి. నేను చూసింది అత్త మూత తీయడం. దాచడం సగం విద్యే. ఎప్పుడు తీయాలో, ఎవరికి పెట్టాలో తెలియడం మిగతా సగం. మొదటి సగానికి వీడియోలు బోలెడు, రెండో సగానికి ఇంట్లో ఒక అత్త ఉండాలి.

ఇంట్లో కోళ్లుంటే మీరూ దాచుకోండి, తప్పులేదు. కడగవద్దు, మొనకొస కిందికి పెట్టండి, పెంకుమీద తేదీ వేయండి, పాతది ముందు వాడండి, చిట్లినదాన్ని ఆ పూటే తినేయండి. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు సున్నంతో పనిలేదు. మిగిలినవి పక్కింటికి పంపండి, గుడ్డు నిలవకు అంతకంటే చల్లని చోటు లేదు. ఊత్తంగరై వచ్చి, మా మామ ప్రేమగా ఆమ్లెట్టు వేస్తానంటే మాత్రం, తినే ముందు పెంకు తెప్పించుకుని తేదీ చదవండి.