సీట్లు పంచే కంప్యూటరు వారికి బహిరంగ లేఖ

విషయం: గన్నవరంలో విమానమెక్కే కృత్తివెన్ను, బంటుమిల్లి, పెడన ప్రయాణికులకు కిటికీ సీటు ఏ వైపు ఇవ్వవలెననుట గురించి.

మహారాజశ్రీ కంప్యూటరు వారికి,

విమానంలో కిటికీ సీటు విలువ అది ఏ దిక్కుకు చూస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎ320 రకంలో ‘ఎ’ ఎడమ కిటికీ, ‘ఎఫ్’ కుడి కిటికీ. కోరుకున్న సీటుకు విడిగా రుసుము తీసుకోవడానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒప్పుకుంటుంది. అయితే ఆ రుసుములో దిక్కుల లెక్క ఉండదు. సముద్రం కనిపించే వైపూ, మెట్ట కనిపించే వైపూ ఒకే వరుసలో ఒకటే ధర.

గన్నవరానికి విశాఖ ఈశాన్యాన ఉంది. కాబట్టి అటు వెళ్లేటప్పుడు డెల్టా, సముద్రం, కృత్తివెన్ను మూడూ కుడి చేతి వైపే. ఎఫ్ సీటు పుచ్చుకోవాలి. లేచిన కాసేపటికే కొల్లేరు వస్తుంది. పటంలో నీలం రంగు పూసి చూపిస్తారు గానీ, పైనుంచి చూస్తే చాలా మేర పచ్చగా గుర్రపుడెక్క, తుంగ, వాటి అంచున చెరువుల గట్లు. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఇది. 2006లో ఇక్కడి చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించింది. ఈ సరస్సు ఒడ్డున ఆటపాకలో చేరే గూడబాతులు కనిపిస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకూడదు. అంత ఎత్తుకు పక్షులు ఆనవు.

కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు. వంకర్లు తిరుగుతూ ఆగ్నేయంగా పోయే ఆ గీతను చూపుతో పట్టుకుని వెళితే, సముద్రానికి కాస్త ఇవతల దాని కుడి గట్టు వైపు కృత్తివెన్ను. విమానం దారికి ఊరు నలభై కిలోమీటర్ల పైనే దూరం కనుక ఇళ్లు, గుడి గుర్తుపట్టడం కుదరదు. కనిపించేవి రొయ్యల చెరువులు. ఉదయం విమానంలో సూర్యుడు కూడా అదే వైపు ఉంటాడు, కళ్లు జిగేలుమంటాయి. ఎండ పడే వైపు వద్దని అనుభవజ్ఞులు చెబుతారు గానీ, నీళ్ల సీమకు ఆ సలహా పనికిరాదు. ఎదురెండలోనే చెరువులన్నీ అద్దాల్లా తళుక్కుమంటాయి, మధ్యలో గట్లు నల్లని గీతల్లా తేలతాయి. సాయంత్రం అదే చోటు బూడిద రంగు.

చెన్నై వెళ్లేవారికి ఎడమవైపు, అంటే ఎ సీటు. కృష్ణ దాటుతున్నప్పుడు కిందికి చూస్తే నది పాయలుగా చీలి దివిసీమను చుట్టుకోవడం తెలుస్తుంది. మబ్బు లేకపోతే అవనిగడ్డ, నాగాయలంక మీదుగా చూపు సాగి మడ అడవుల ముదురాకుపచ్చ దగ్గర ఆగుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన లోపలికి తోసుకొచ్చిన నేల ఇదే. ఎంత పల్లపు నేలో, సముద్రానికి ఎంత చేరువో పైనుంచి చూసినవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

హైదరాబాదుకు కూడా ఎడమే: ప్రకాశం బ్యారేజీ, దాని వెనక నిండు కృష్ణ. తిరుగు ప్రయాణాల్లో అన్నీ తారుమారు. ఏ కొసనుంచి లేవాలో, ఏ కొసన దిగాలో గాలివాటం నిర్ణయిస్తుంది కాబట్టి మొదటి, చివరి నిమిషాల దృశ్యాలకు ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఎ320లో నడిమి వరుసల వారికి రెక్క అడ్డు. ఏటీఆర్ రకం విమానానికి రెక్క కిటికీల పైన ఉంటుంది, పైగా అది తక్కువ ఎత్తున ఎగురుతుంది; చూడ్డానికే వచ్చినవారికి అదే మేలు. కాలాల్లో కార్తీకం తర్వాత వరి పండే రోజులు మంచివి, తెల్లవారుజాము మంచు తప్పించుకోగలిగితే. ఆషాఢ శ్రావణాల్లో ఏ కిటికీ కొన్నా మబ్బే.

కావున కంప్యూటరు వారు దయచేసి ప్రతి కిటికీ సీటు పక్కనా ‘కొల్లేరు’, ‘దివిసీమ’, ‘రెక్క’ అని కనిపించేదేదో ముందే రాయించి, ఆ తరువాతే సొమ్ము అడగవలెనని విన్నపం. మధ్య సీటు వారికి ఏమీ రాయనక్కర్లేదు. వారికి కనిపించేది పక్కవారి చెవి.