మూడు కేబీల మహాత్యాగం

మన వెబ్ డెవలపర్లలో కొత్త వ్రతమొకటి వెలిసింది: పేజీ బరువు తగ్గింపు. విధానం సులువే. రియాక్ట్‌ను సాగనంపి ప్రీయాక్ట్‌ను పీట మీద కూర్చోబెట్టాలి. జేసన్ మిల్లర్ రాసిన ఈ లైబ్రరీ కుదించాక సుమారు 3 కేబీ. రియాక్ట్ తన డామ్ పరివారంతో కలిసి వస్తే 40 కేబీ దాటుతుంది. రాసే తీరు రెండింటిదీ దాదాపు ఒకటే. ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. లైబ్రరీ బంగారం.

ఉద్యాపన దగ్గరే వస్తుంది చిక్కు. మిగిలిన ఆ కేబీల మీద మార్కెటింగ్ వారి కన్ను పడుతుంది. నెత్తిన రెండు ఎంబీల బొమ్మ, దాని కింద కుకీల పెట్టె, మూలన పిలవకుండానే పలకరించే చాట్ గుండ్రం, మనం ఎక్కడ వేలు పెట్టామో నమోదు చేసుకునే నాలుగు రకాల ట్రాకర్లు. డెవలపర్ మాత్రం మీటింగులో ఛాతీ విరుచుకుని ప్రకటిస్తాడు: “సర్, మన లైబ్రరీ మూడు కేబీయే!” చప్పట్లు.

ఆ చప్పట్లు వినపడనిది ఒక్కరికే, పేజీ తెరుచుకోవాలని చూస్తున్న మనిషికి. జావాస్క్రిప్ట్ దిగినంత మాత్రాన సరిపోదు, దాన్ని చదవాలి, నడపాలి. ఆ చాకిరీ పడేది ఆఫీసు మ్యాక్‌బుక్ మీద కాదు, ఎనిమిది వేల రూపాయల ఫోన్ మీద. ఆఫీసులో రెప్పపాటులో వచ్చే పేజీ బస్టాండులో బస్సు వెళ్లిపోయాక వస్తుంది.

ఇక రియాక్టివిటీ భజన. విలువ మారితే దాన్ని వాడుకున్న చోటే తెర మారాలట. దీని పేరు సిగ్నల్స్ అట. ప్రీయాక్ట్ 2022లో తెచ్చింది, యాంగ్యులర్ 2023లో అందుకుంది. అబ్జర్వబుల్స్ అంటూ నాకౌట్ 2010లోనే దీన్ని నడిపింది. అసలు 1979 నాటి విజికాల్క్‌లోనే ఒక గడిలో అంకె మారిస్తే మొత్తం తనంతట తానే మారేది. లెక్కల గుమాస్తాకు నలభై ఏళ్ల కిందటే అబ్బిన విద్యను మనవాళ్లు నేడు విప్లవమంటూ కాన్ఫరెన్సుల్లో ఆవిష్కరిస్తున్నారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

ఇంతా చేసి కట్టేదేమిటి? పేరు, ఫోన్ నంబరు అడిగే ఫారం. దానికి ప్రీయాక్టా, స్వెల్టా, సాలిడా అని నెలరోజుల చర్చ. హెచ్‌టీఎంఎల్ ఆ పనిని ఏ లైబ్రరీ లేకుండా పాతికేళ్ల పైనుంచి చేస్తోందని ఎవరైనా గుర్తుచేస్తే, ఆ మనిషిని మరుసటి మీటింగుకు పిలవరు.

అయ్యా, లైబ్రరీ మార్చే ముందు మీ పేజీని ఒకసారి చవక ఫోన్‌లో, బలహీనమైన సిగ్నల్ మీద తెరిచి చూడండి. ముందుగా తీయాల్సినవి ట్రాకర్లు. వాటిని తీసేయమని పైవాళ్లను అడిగే దమ్ము లేనివాళ్లకు మూడు కేబీల గొప్పలు చెప్పే హక్కు లేదు.